ఇంజను చల్లబడేదాకా

గంటంటే ఎంతసేపు అని ఎవరైనా అడిగితే నవ్వుతాం గానీ, పళ్ల డాక్టరు వెయిటింగ్ హాల్లో ఒక్క పన్నూ నొప్పి లేకుండా కూర్చున్నవాడికి అది చిన్న ప్రశ్నేం కాదు. నా పక్కన బుగ్గ వాచిన పెద్దాయన, ఎదురుగా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్న ఒకావిడ, ఇద్దరూ నా వంక జాలిగా చూస్తున్నారు, పాపం ఈయనకి లోపలెక్కడో దంతం పుచ్చినట్టుంది, పైకి తెలియడం లేదు అనుకుంటున్నారేమో, నాది పన్ను కాదండీ కారు అని చెప్పాలనిపించింది గానీ చెబితే ఇంకా జాలిపడతారని ఊరుకున్నాను. లోపలి గదిలోంచి డ్రిల్లు చప్పుడు సన్నగా మొదలై, ఎక్కడో తగిలి, లావై, మళ్లీ సన్నబడుతోంది. కిటికీలోంచి చూస్తే క్లినిక్ వెనక ఖాళీ జాగాలో గోడవారగా డాక్టరమ్మ అమ్మకానికి పెట్టిన బూడిద రంగు కారు సగం కనపడుతోంది, దాని కిందనుంచి మా బావమరిది కాళ్లు మాత్రం బయటికున్నాయి. వాడు మెకానిక్కు. పొద్దున వస్తూనే పలకరింపు కూడా లేకుండా బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "వెచ్చగా ఉంది బావా" అన్నాడు, దొంగ దొరికినట్టు. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. "కడిగించడానికి బయటికి తీశానండీ, అంతే" అంది. "తప్పేం లేదు మేడమ్. కానీ వేడిమీదున్న ఇంజను అందరితోనూ మంచిగానే మాట్లాడుతుంది. చల్లారాక స్టార్ట్ చేస్తేనే దాని అసలు గొంతు వినపడేది. నిజానికి రాత్రంతా ఆగాలి. పోనీ, గంటన్నా ఆగుదాం" అన్నాడు వాడు. ఆవిడ పేషెంట్ల దగ్గరికి వెళ్లింది, వాడు టార్చి పట్టుకుని కారు కిందికి వెళ్లాడు, నేను ఈ కుర్చీలోకి వచ్చిపడ్డాను.

ఇప్పుడు పదీ పది. పదకొండుకి స్టార్ట్ చేసి చూడటం, ఓ చుట్టు తిరిగి రావడం. పదకొండున్నరకి నాకు డ్రైవింగు స్కూల్లో క్లాసు, నేర్పేది నేనే. పన్నెండింటికి ఇంకెవరో ఈ కారు కోసమే వస్తున్నారట, డబ్బుతో సహా. కాబట్టి ఈ గంటలోనే నేను తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఏముంది, మూడు వారాలుగా తేల్చుకుంటూనే ఉన్నాను, అన్నం తింటూ, స్నానం చేస్తూ, పక్కన శిష్యుడు రివర్సు గేరు కోసం వెతుక్కుంటుంటే కూడా. మొదట ఒక తెల్లది చూశాం, లోపల సీట్లు చూస్తే అందులోనే కాపురం పెట్టేయాలనిపించింది, కానీ రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక కుదుపు, బావమరిది దిగి తలుపు నెమ్మదిగా వేసి నమస్కారం పెట్టి వచ్చేశాడు. తర్వాత ఎర్రది. దాన్నొక కుర్రాడు కంప్యూటరు పెట్టి, ఉన్న శక్తి చాలదన్నట్టు ఇంకా పెంచుకున్నాడు, సైలెన్సరు పీకేసి వేరేది పెట్టాడు, స్టార్ట్ చేయగానే ఆ వీధిలో కిటికీలు మూసుకున్నాయి. ఇది మూడోది. తొమ్మిదేళ్ల బండి. చూస్తే ఏ గుమాస్తాదో అనుకుంటారు, నాలుగు తలుపులు, వెనకాల పెద్ద డిక్కీ, మర్యాదస్తుడి రంగు. లోపల ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, నాలుగు వందల గుర్రాల బలం. ఎందుకమ్మా మీకిది అని అడిగితే, "ఇంటి నుంచి క్లినిక్ నలభై నిమిషాలండీ, ఆ నలభై నిమిషాలూ ఎవరూ నోరు తెరిచి నా ముందు కూర్చోరు కదా" అంది. ఆ మాటకి ఆవిడ మీద గౌరవం కలిగింది. ఇప్పుడు క్లినిక్ పైనే ఇల్లు తీసుకుంది, ఇక కారుతో పని లేదంది.

ఖర్చుల సంగతి బావమరిది ముందే చెప్పాడు, దాచలేదు. నిన్న టీ తాగుతూ, స్పూనుతో బల్ల మీద గీతలు గీస్తూ చెప్పాడు. వెనక టైర్లు వెడల్పు, ముందువి సన్నం, వాటినీ వీటినీ మార్చుకోడానికి లేదు, మామూలుగా తోలితే పాతిక వేల కిలోమీటర్లు, సరదాగా తోలితే అందులో సగం. బ్రేకు డిస్కులు అన్నం పళ్లేలంత ఉంటాయి, నాలుగూ ఒకేసారి మార్చాల్సొస్తే నా రెండు నెలల జీతం. ఆయిలు ఎనిమిది లీటర్లు, అదీ ఏది పడితే అది పోస్తే తాగదు. ఊళ్లో లీటరుకి ఆరు కిలోమీటర్లు, ఎర్ర లైట్లు ఎక్కువుంటే ఐదు. ఇన్సూరెన్సు వాడు మోడలు పేరు వినగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. గేరుబాక్సులో ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని పుస్తకంలో రాశారు అన్నాను నేను, నాకు తెలుసని చూపించుకోడానికి. "ఎవరి జీవితాంతం బావా? గేరుబాక్సుదేగా. ఆయిలు మార్చకపోతే దాని జీవితం అక్కడికి ఆఖరు" అన్నాడు వాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు, పాతదని ధర తగ్గుతుంది గానీ తిండి తగ్గదు, అదే వాడు చెప్పిందంతా. నేను లెక్కంతా ఒక కాయితం మీద వేశాను, ఇంటి కంతు పోను, కరెంటు పోను, మా ఆవిడ జీతం ముట్టుకోకుండా, నా జీతంతోనే ఈ కారుని మేపొచ్చు. ఒంటిపూట భోజనం చేస్తూ కాదు గానీ, కొత్త చొక్కాల జోలికి పోకుండా. నా జీతం వస్తున్నంతకాలం.

నా జీతం వస్తున్నంతకాలం అన్న దగ్గర నా బుర్ర ప్రతిసారీ ఆగి పక్కకి చూస్తుంది.

లోపలినుంచి అసిస్టెంటు వచ్చి బుగ్గ వాచినాయన్ని పిలిచింది. ఆయన లేచి, నా భుజం మీద చెయ్యేసి, "ధైర్యంగా ఉండండి" అని వెళ్లాడు. ధైర్యం. మా ఆవిడ మాత్రం ఆ మాట వాడలేదు. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది, ఏ వస్తువైనా ఏ అరలో పెట్టాలో తేలితే గానీ నిద్రపట్టదు. మొదట నవ్వింది, ముసలాడి ముచ్చట అంది, అక్కకి ఫోన్ చేసి మీ మరిదికి రెక్కలొస్తున్నాయి అని చెప్పింది. మూడో కారు దాకా వచ్చేసరికి నవ్వడం మానేసింది. "కొనుక్కోండి, వద్దనను. కానీ ఎందుకో నాకు చెప్పి కొనుక్కోండి" అంది, కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా. ఇరవై ఆరేళ్లు పక్క సీట్లో కూర్చున్నానే, ఒక్కసారైనా స్టీరింగు నాది కావద్దూ అన్నాను. అది అబద్ధం కాదు. మా స్కూలు బండిలో మూడో గేరు దాటడమే పండగ, నలభై దాటితే శిష్యుల కంటే ముందు ఇంజను కంగారుపడుతుంది. ఊళ్లో సగం మందికి డ్రైవింగు నేర్పినవాణ్ణి, వాళ్లంతా వేగంగా వెళ్లిపోతుంటే వెనకాల ఎల్ అక్షరం తగిలించుకుని పాకుతున్నవాణ్ణి. ఆవిడ విని, "ఊఁ" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ ఊఁ ఎప్పుడొస్తుందో నాకు తెలుసు, పుస్తకం అట్ట చూసి లోపల వేరేది ఉందని కనిపెట్టినప్పుడు.

మా పనిలో ఉన్నదంతా కాల్లో ఉంది. శిష్యుడి దగ్గరున్నట్టే నా దగ్గరా ఒక బ్రేకు పెడల్ ఉంటుంది, ఒక్కటే, అదే మా వృత్తి. కళ్లు రోడ్డు మీద కంటే శిష్యుడి చేతుల మీద ఎక్కువ ఉంటాయి, బొటనవేలు తెల్లబడిందంటే వాడు భయపడ్డాడు, మెడ ముందుకి వచ్చిందంటే వాడికి ఏమీ కనపడటం లేదు. కానీ కాలికి ఇవేవీ చెప్పక్కర్లేదు. కాలు ముందు, నేను తర్వాత. బండి ఆగాక గానీ ఎందుకు ఆపానో నాకే తెలిసేది కాదు. చెప్పులు కుట్టేవాడు ఎప్పుడూ అడుగుతాడు, ఒక్క బూటే ఎందుకండీ ఇంతలా అరుగుతుంది మీకు అని. టాక్సీ ఎక్కినా, చుట్టాల కారెక్కినా, ముందు సీట్లో కూర్చుంటే చాలు, నా కాలు ఉత్త నేలని తొక్కుతుంది, పక్కవాళ్లు నవ్వుతారు, మా అల్లుడైతే మావయ్యగారిని వెనక సీట్లో కూర్చోబెట్టండి, నా కారుకి చిల్లు పడుతుంది అంటాడు. నిద్రలో కూడా తొక్కుతానని మా ఆవిడ ఫిర్యాదు. ఊళ్లో నన్ను బ్రేకు మాస్టారు అంటారు. స్కూలు ఓనరు నా దగ్గరే నేర్చుకున్నవాడు, ఇప్పుడు నాకు జీతమిచ్చేవాడు, కొత్తగా చేరడానికి వచ్చేవాళ్లతో వాడు చెప్పేది ఒకటే మాట, మాస్టారు పక్కనుంటే మీరు కళ్లు మూసుకుని తోలినా ఏం కాదు అని.

నెల కిందట, మందుల షాపు దగ్గర మలుపు. తోలుతున్నది ఒక బ్యాంకు క్యాషియరమ్మ, నలభై దాటాక నేర్చుకుంటోంది, స్టీరింగుని నోట్ల కట్టలా రెండు చేతులా గట్టిగా పట్టుకుంటుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. షాపులోంచి ఒక ముసలాయన మందు డబ్బా మీద అక్షరాలు చదువుకుంటూ దిగాడు, ఫుట్‌పాత్ అయిపోయిందని ఆయనకి తెలియదు. బండి ఆగింది. బెల్టు భుజానికి పట్టేసింది. ముసలాయన డబ్బా చదువుకుంటూనే మా ముందునుంచి వెళ్లిపోయాడు. నేను కిందికి చూశాను. నా కాలు రబ్బరు మ్యాట్ మీద ఉంది, బూటు ముక్కు తలుపు వైపుకి తిరిగి ఉంది. పెడల్ దాని మానాన అది, జానెడు దూరంలో ఉంది. ఆపింది ఆమె. "శభాష్ అమ్మా" అన్నాను, "భలే ఆపావు" అన్నాను, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి సంతోషంతో, తర్వాతి క్లాసుకి చాక్లెట్ల డబ్బా తెచ్చింది. రెండు తిన్నాను కూడా.

అద్దంలోకి చూస్తున్నాను అప్పుడు, అనుకున్నాను. ఎండ కళ్లలో పడింది అనుకున్నాను. బూటు కొత్తది అనుకున్నాను, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. రెండు రోజులు వంటింట్లో నిలబడి, కుక్కరు విజిలు వేయగానే నేల మీద టైలు తొక్కడం, అలా పరీక్ష పెట్టుకున్నాను, ఎంత చురుకో, విజిలు సగంలో ఉండగానే కాలు దిగిపోయేది. చూశావా ఏం కాలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఎదురుచూసే కాలు ఎప్పుడూ చురుకే. ఎదురుచూడనప్పుడు ఏం చేస్తుందన్నదే కదా సంగతి. ఆ తర్వాతనుంచి బండెక్కితే చాలు కాలుని పెడల్ మీదే గాల్లో నిలబెట్టి ఉంచుతున్నాను, గంటసేపు, పిక్క రాయిలా బిగుసుకుపోతుంది, మూడుసార్లు ఉత్తపుణ్యానికి తొక్కేశాను, ఒక శిష్యుడు బిక్కమొహం వేసుకుని "నేనేం చేశాను మాస్టారూ?" అన్నాడు. నువ్వేం చేయలేదు నాయనా. భయం వేసింది నాకు, అంతే. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు. ఆ మలుపు రోజు సాయంత్రమే పాత కార్ల ప్రకటనలు చూడటం మొదలుపెట్టాను. యాభై ఏడేళ్ల వయసులో నాలుగు వందల గుర్రాల్ని అదుపులో పెట్టేవాణ్ణి పట్టుకుని నీ పనైపోయిందని ఎవడంటాడు? నేనే అననుగా. కారెందుకో ఇప్పుడు నాకు తెలుసు, తెలిసిన కొద్దీ ఇంకా కావాలనిపిస్తోంది, పళ్ల బొమ్మలున్న ఈ గోడ ముందు కూర్చుని, గోళ్లు కొరుక్కుంటూ, పన్నెండింటికి వచ్చే ఆ ముక్కూమొహం తెలియనివాణ్ణి మనసులో తిట్టుకుంటూ.

డ్రిల్లు ఆగింది. రుమాలావిడ నా వంక చూసి, "మీరు వెళ్తారా ముందు?" అంది. నాది కారండీ అన్నాను చివరికి. ఆవిడ ఏమీ అర్థంకాక తలూపింది. అదే సమయానికి బావమరిది కిటికీ దగ్గరికొచ్చి అద్దం మీద వేలితో కొట్టాడు.

డాక్టరమ్మ గ్లోవ్స్ తీసేసి వచ్చింది. బానెట్ మీద నేనే చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చన కూడా లేదు. వాడు మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేసి, తలుపు తెరిచి ఉంచి, ఒక కాలు లోపల బ్రేకు మీద పెట్టి స్టార్ట్ బటన్ నొక్కాడు. ఒక్కసారి దగ్గి, అందుకుని, పెద్దగా పలికి, నెమ్మదించింది. వాడు తల ముందుకి వంచి, కళ్లు మూసుకుని వింటున్నాడు, నేను వాడి మొహం చూస్తున్నాను. ఇంజను లోపలి గొలుసు చప్పుడు లేదు, పొగ లేదు. "బంగారం బావా, కళ్లుమూసుకుని తీసుకో" అన్నాడు. డాక్టరమ్మ తాళం నా చేతికి అందిస్తూ, "ఓ రౌండు వేసొద్దాం రండి" అంది. నేను తాళం తీసుకుని గబగబా చుట్టూ తిరిగి, తలుపు తీసుకుని, కూర్చుని, బెల్టు పెట్టుకుని, ఇక పోనివ్వమ్మా అన్నట్టు ముందుకి చూశాను. ఎదురుగా స్టీరింగు లేదు. అలవాటు నన్ను పక్క సీట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. బావమరిది గోడకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వి, "సరే, ముందు నేను చూపిస్తాను, వచ్చేటప్పుడు మీరు" అని తాళం తీసుకుని అటు కూర్చుంది.

వీధి దాటి పెద్ద రోడ్డెక్కగానే ఆవిడ కొంచెం తొక్కింది, కొంచెమే. సీటు నన్ను వీపు మీద పట్టుకుని తోసింది, నాకు తెలియకుండానే గట్టిగా నవ్వేశాను. ఇంకోసారి అన్నాను, ఆవిడ ఇంకోసారి తొక్కింది, దుకాణాలు, స్తంభాలు, ఆగిన బస్సు అన్నీ వెనక్కి పోయాయి, గేర్లు మారుతున్నట్టే తెలియడం లేదు, టైర్లు పోతే పోనీ, ఆయిలు తాగితే తాగనీ, ఈ ఒక్క నిమిషానికి ఎంతైనా పెట్టొచ్చు అనిపించింది. ఎన్నేళ్లయిందో నేను కారులో ఉత్తినే కూర్చుని. పిక్క వదులైంది. మళ్లీ లోపలి వీధిలోకి తిరిగాం, ఆవిడ నెమ్మదించింది, రోడ్డు పక్కన ఒక వ్యాను ఆగి ఉంది, దాని వెనకనుంచి ఒక మనిషి పెద్ద కిటికీ అద్దం పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, సరిగ్గా మా ముందుకి వచ్చాడు.

కారు ఉన్నచోట ఉన్నట్టు ఆగింది. అద్దంలో మా కారు ముక్కు మాకే కనపడింది. మనిషి తిరిగి చూసి, ఏదో తిట్టి, అద్దాన్ని జాగ్రత్తగా పట్టుకుని వెళ్లిపోయాడు. "అబ్బ, భయపడ్డారా?" అంది డాక్టరమ్మ. నేను కిందికి చూస్తున్నాను. కాలు మ్యాట్ మీద తీరిగ్గా ఉంది. ఇక్కడ పెడల్ లేదుగా, ఎందుకు కదులుతుంది అనుకోబోయాను, అనుకోవడం మొదలుపెట్టాను కూడా. పెడల్ ఉందో లేదో దానికి ఎప్పుడు తెలుసు? ఇరవై ఆరేళ్లుగా అది టాక్సీల నేలలు తొక్కింది, అల్లుడి కారుని తొక్కింది, దుప్పట్లో తొక్కింది. ఇవాళ దానికేం తెలియలేదు. చెయ్యి తొడ మీద వేసి చూసుకున్నాను, వణుకు లేదు, నొప్పి లేదు, నాదే, మామూలు కాలు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆవిడ కారు పక్కకి ఆపి, "ఇక మీరు నడపండి" అంది.

"డాక్టరుగారూ, కారుకేం వంక లేదు. పన్నెండింటికి వచ్చేవాళ్లకి ఇచ్చేయండి" అన్నాను. ఆవిడ ఏదో అడగబోయింది. ఒక్క ఫోన్ చేసుకుంటానని ఓనరుకి చేశాను. పదకొండూ పది. క్యాషియరమ్మ ఈపాటికి బ్యాంకులో పర్మిషన్ అడిగి బయల్దేరుతూ ఉంటుంది.

"చెప్పండి మాస్టారూ."

"పదకొండున్నర క్లాసుకి ఇంకెవర్నైనా పంపు. సాయంత్రం వాటికి కూడా."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"ఒళ్లు బాగానే ఉంది. కాలు బ్రేకు మీదికి పోవడం లేదు నాయనా. నేను చూసేసరికి అంతా అయిపోతోంది."

వాడు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "ఎప్పట్నుంచి మాస్టారూ?"

"నెల రోజులైంది."

ఈ నెలలో నా పక్కన కూర్చుని బండి తోలినవాళ్లని వాడు ఒక్కొక్కరినే తలుచుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నేను ముందే లెక్కపెట్టి ఉన్నాను.

"పదిహేడు మంది" అన్నాను.